పధ్నాలుగు గదులు – ఒక తాళపుచెవి

విజయాలను గూర్చి వ్రాయుట సులభం. వార్షిక సంచికలో ఎవరైనా తమ విజయాన్నే చెప్పుకొంటారు. మేము మాత్రం ఈ పుటలలో మా చేతుల మీదుగా జరిగిన ఒక నష్టాన్ని గూర్చి, దాని వలన మేము నేర్చుకొన్న పనిని గూర్చి విన్నవింపదలచాము. కంప్యూటరు విద్య చదువని మిత్రులు కూడా ఓపికతో చివరి దాకా చదువగలరని మా మనవి. ఇది యంత్రాల కథవలె కనిపించినా, నిజానికి ఇది ఒకరి శ్రమను మరొకరు భద్రపరచవలసిన బాధ్యతను గూర్చిన కథ.

మా ప్రయోగశాలలో నలుగురము కలిసి కళాశాల కొరకు కొన్ని మార్గదర్శక వెబ్‌సైట్లను నడుపుతూ ఉన్నాము. కీబోర్డుపై తెలుగు, ఉర్దూ టైపు చేయు విధానం, లిబ్రేఆఫీసులో ఉత్తరం వ్రాయుట, లెక్కల పట్టిక తయారు చేయుట, గ్రంథాలయ సూచికలో పుస్తకం వెదకుట, ఉపకారవేతనాల దరఖాస్తు నింపుట, ప్రయోగశాల నియమాలు, లినక్సు మొదటి పాఠాలు – ఇవి ఏడు విషయాలు. ప్రతి విషయానికీ తెలుగులో ఒక సైటు, ఉర్దూలో ఒక సైటు. అంటే మొత్తం పధ్నాలుగు. ప్రతిదానికీ గిట్ అను సాధనంతో వేరు వేరుగా ఒక రిపాజిటరీ ఉన్నది. రిపాజిటరీ అనగా భాండాగారం. అందులో పుటలు మాత్రమే గాక, ఏ పుటను ఎవరు ఏనాడు ఎందుకు మార్చారో ఆ చరిత్ర అంతా భద్రంగా ఉంటుంది. ఈ గిట్‌ను 2005లో లైనస్ టోర్వాల్డ్స్ తన లినక్సు పని కొరకు రచించారు.

'అన్నింటినీ ఒకే భాండాగారంలో వేస్తే సరిపోదా?' అని కొందరు పెద్దలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కాని తెలుగు పుటలను సరిచూచేవారు వేరు, ఉర్దూ పుటలను సరిచూచేవారు వేరు. ఒక శాఖ పని ఆగినప్పుడు మరొక శాఖ పని ఆగకూడదు. ఒకరి అనుమతి లేక మరొకరి పుట ప్రచురితం కాకూడదు. ఉమ్మడి కుటుంబమే అయినా ఎవరి గది వారికి ఉండుట మేలని మేము భావించాము. అందుకే పధ్నాలుగు గదులు.

గదులు పెరిగితే తాళాలు పెరుగుతాయి. ప్రతి రోజూ ఒక్కొక్క భాండాగారంలోకి ప్రవేశించి, మూలప్రతి నుండి కొత్త మార్పులను తెచ్చుకొని, పుటలను వెబ్‌సైటుగా కూర్చి, తెగిన లంకెలను వెదకి, సర్వరుకు పంపి, బయటికి రావాలి. ఒక్కొక్కదానికి ఐదు ఆజ్ఞలు. పధ్నాలుగింటికి డెబ్బది. మూడవ రోజుకే మా వేళ్ళు తప్పు చేయసాగాయి. ఒకనాడు తెలుగు పుటలను ఉర్దూ సైటు చిరునామాకు పంపాము. ఒకనాడు ఒక గదిని పూర్తిగా మరచిపోయాము. అప్పుడు మాకు షెల్ స్క్రిప్టు గుర్తుకు వచ్చింది.

షెల్ అనగా పెంకు. కొబ్బరికాయలో లోపలి కొబ్బరి కంప్యూటరు నిర్వహణ వ్యవస్థ యొక్క గర్భం అనుకొంటే, మనం తాకగలిగినది పైనున్న పెంకు. మనం టైపు చేసిన ఆజ్ఞను చదివి, లోపలికి చేర్చి, ఫలితాన్ని మనకు చూపేది షెల్. ఆ ఆజ్ఞలనే వరుసగా ఒక ఫైలులో వ్రాసి ఉంచితే అది స్క్రిప్టు. పెళ్ళి ఇంట వంటవానికి వ్రాసి ఇచ్చిన జాబితా వంటిది. ఒకసారి సరిగా వ్రాస్తే ప్రతిసారీ పక్కన నిలబడి చెప్పవలసిన పని లేదు.

ఈ విద్యకు దీర్ఘమైన చరిత్ర గలదు. అమెరికాలోని బెల్ పరిశోధనాలయంలో 1969లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యూనిక్సు వ్యవస్థకు అంకురార్పణ చేశారు. ఆ యూనిక్సును తొలినాళ్ళలో నిలబెట్టినది గణితం గాని, యుద్ధ సామగ్రి గాని కాదు, పత్రాల తయారీ. 1971లో ఆ సంస్థలోని పేటెంటు విభాగపు టైపిస్టులు తమ దరఖాస్తులను తీర్చి అచ్చు వేసుకొనుటకు దానిని వాడారు. డగ్లస్ మెకిల్‌రాయ్ సూచనతో 1973లో 'పైపు' వచ్చింది. ఒక సాధనం వెలువరించిన దానిని మరొక సాధనం నేరుగా అందుకొనుటయే పైపు. 1979లో వెలువడిన ఏడవ సంచికతో స్టీఫెన్ బోర్న్ రచించిన షెల్ వచ్చింది. దాని మార్గంలోనే 1989లో బ్రయన్ ఫాక్స్ రచించిన బాష్ వచ్చింది. మా ప్రయోగశాలలో మేము వాడుతున్నది ఆ బాష్‌నే. పత్రాల కొరకు పెరిగిన విద్యను పత్రాల కొరకే మేము వాడుట మాకు ముచ్చటగా తోచింది. దఫ్తరు, దస్తావేజు, నకలు – ఈ మాటలను తెలుగువారు ఏనాడో తమవిగా చేసుకొన్నారు. దస్తావేజుల పనిలో మా రెండు శాఖలు కలియుట కొత్త విషయం కాదు.

మా మొదటి స్క్రిప్టు పన్నెండు పంక్తులు. 'ఫర్' అను ఆవృత్తితో పధ్నాలుగు డైరెక్టరీలను ఒకటి తరువాత ఒకటిగా తీసుకొని, పై ఐదు పనులను చేయించేది. క్రాన్ అను కాలపాలకునికి అప్పగించి, ప్రతి రాత్రి 11 గంటలకు నడిచేటట్లు ఏర్పాటు చేశాము. గర్వంతో ఇళ్ళకు వెళ్ళాము. తెల్లవారి వచ్చి చూస్తే ఏదీ నడవలేదు. మేము కూర్చుని నడిపినప్పుడు షెల్‌కు మా అమరికలన్నీ తెలుసు. క్రాన్ నడిపినప్పుడు ఆ అమరికలు ఉండవు. సాధనాలను ఏ ఏ డైరెక్టరీలలో వెదకవలెనో తెలిపే 'పాత్' అను జాబితా దానికి కురచగా ఉంటుంది. ఏ లిపి సంకేతాలలో చదువవలెనో కూడా చెప్పి తీరాలి. ఆ రెండింటినీ స్క్రిప్టు మొదటనే వ్రాసిన తరువాత అది నడిచింది.

లిపుల విషయంలో మరికొన్ని చిక్కులు ఎదురయ్యాయి. ఆంగ్ల అక్షరం యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక బైటు. 'తెలుగు' అను మాటలో ఆరు సంకేతాలు ఉన్నవి; ఒక్కొక్కటి మూడు బైట్లు; మొత్తం 18. ఉర్దూ అను మాటను ఆ లిపిలో వ్రాస్తే నాలుగు అక్షరాలు, ఎనిమిది బైట్లు. ఇది తెలియక మేము ప్రతి పుట శీర్షికను మొదటి నూరు బైట్ల వద్ద కత్తిరించుమని 'హెడ్' ఆజ్ఞకు చెప్పాము. ఖాళీలు లేని తెలుగు శీర్షికలో 33 సంకేతాలు పోగా ఇంకొక బైటు మిగులుతుంది. అంటే 34వ సంకేతం మూడవ వంతు వద్ద తెగిపోతుంది. తెరపై అక్షరానికి బదులు నల్లని ప్రశ్నార్థకం కనిపిస్తుంది. మరొకటి: తెలుగు పేరు గల ఫైలును గిట్ తన జాబితాలో అలాగే చూపదు. 'అ' అక్షరానికి బదులు 340, 260, 205 అను అంకెలను చూపుతుంది. ఆ జాబితాను చదివిన మా స్క్రిప్టు ఆ అంకెల పేరు గల ఫైలు లేదని ప్రతి రాత్రీ ఫిర్యాదు చేసేది. ఆ అలవాటును మాన్పించుటకు గిట్‌లో ఒక అమరిక గలదని తరువాత తెలిసింది.

ఇవన్నీ నవ్వుకొనదగిన పొరపాట్లు. ఇక నవ్వుకొనలేనిది చెబుతాము.

మూలప్రతి నుండి మార్పులను తెచ్చే ఆజ్ఞ 'గిట్ పుల్'. మన డైరెక్టరీలో ఎవరైనా ఒక పుటను మార్చి, ఆ మార్పును చరిత్రలో నమోదు చేయక ఉంచితే, అదే పుటకు మూలప్రతి నుండి కొత్త మార్పు వస్తే, గిట్ పుల్ ఆగిపోతుంది. 'మీ మార్పులు చెరిగిపోతాయి, ముందు వాటి సంగతి చూడండి' అని హెచ్చరిస్తుంది. వారానికి రెండు మూడు రాత్రులు మా స్క్రిప్టు ఈ కారణంగా ఆగిపోసాగింది. ఆ మార్పులు ఎవరివి, ఎందుకు నమోదు కాలేదు అని మేము అడిగి తెలుసుకోలేదు. గిట్ మొండికేస్తున్నదని విసుగుకొన్నాము. పుల్‌కు బదులు 'ఫెచ్' వ్రాసి, దాని వెనుక 'రీసెట్ హార్డ్' వ్రాశాము. అనగా మూలప్రతిలో ఏది ఉంటే అదే సత్యం, ఇక్కడ ఉన్నది ఏదైనా తుడిచివేయి అని అర్థం. ఆ రాత్రి నుండి స్క్రిప్టు ఒక్కసారి కూడా ఆగలేదు. ఒకరినొకరం అభినందించుకొన్నాము.

మా ఉర్దూ అధ్యాపకులు ఒకరు, పదవీ విరమణకు దగ్గరలో ఉన్నవారు, లెక్కల పట్టిక పాఠాలను ఉర్దూలోకి అనువదించే పనిని ప్రేమతో స్వీకరించారు. ఆంగ్ల పుటలను ఆ భాండాగారంలో ఉంచి ఇచ్చాము. వారు ప్రతి దినం తరగతులు ముగిసిన తరువాత ప్రయోగశాలకు వచ్చి, మూలన ఉన్న యంత్రం వద్ద కూర్చుని, ఒక్కొక్క ఆంగ్ల వాక్యాన్ని తొలగించి దాని స్థానంలో ఉర్దూ వాక్యాన్ని వ్రాసేవారు. ఫైలును సేవ్ చేయుట వారికి చూపించాము. కమిట్, అనగా చరిత్రలో నమోదు చేయుట, చూపించలేదు. 'అది తరువాత మేము చూసుకొంటాము సార్' అన్నాము. చూసుకోలేదు. వారు కూర్చున్న యంత్రంలోని ఆ డైరెక్టరీయే మా స్క్రిప్టు ప్రతి రాత్రీ ప్రవేశించే పధ్నాలుగు గదులలో ఒకటి. అంతకు ముందు ఆ గది మా జాబితాలో లేదు. పుటలు ఇంకా సిద్ధం కాలేదని విడిచిపెట్టాము. జాబితా పూర్తిగా ఉంటే బాగుంటుందని ఒక సాయంత్రం దానినీ చేర్చాము.

మరునాడు వారు వచ్చి ఫైలు తెరిచారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత మెల్లగా పిలిచారు.

"బేటా, ఇటు రండి. ఇది మళ్ళీ ఇంగ్లీషు అయింది. నా ఉర్దూ ఏది?"

"సేవ్ చేయడం మరచిపోయి ఉంటారేమో సార్" అన్నాము.

"మూడు వారాలు మరచిపోతానా?" అన్నారు.

ఆ మాటకు మా వద్ద సమాధానం లేదు. రాత్రి చిట్టా తెరిచి చూశాము. అందులో ఒక్క దోషం కూడా లేదు. పధ్నాలుగు గదులూ విజయవంతం అని ఉన్నది. యంత్రం అబద్ధం చెప్పలేదు. తుడిచివేయుమని మేము చెప్పాము, అది తుడిచివేసింది.

నమోదైన దానిని గిట్ పోనీయదు. నమోదు కాని దానిని రక్షించుట దాని పని కాదు. వారు అనువదించినవి 31 పుటలు. ఏదైనా మిగిలి ఉంటుందేమోనని 'ఎఫ్‌ఎస్‌సీకే' అను పరీక్షాజ్ఞతో ఆ భాండాగారపు మూలమూలలా వెదకాము. వారం క్రితం మా జూనియరు ఒకడు ఆ డైరెక్టరీలో కమిట్ చేయబోయి, 'యాడ్' అను మొదటి మెట్టు మాత్రం ఎక్కి, ఎవరో పిలిస్తే లేచి వెళ్ళిపోయాడు. ఆ అర్ధాంతరపు పని వలన తొమ్మిది పుటలు పేరు లేని ముక్కలుగా లోపల పడి ఉన్నవి. వాటిని తీసి ఇచ్చాము. మిగిలిన 22 పుటలు దొరకలేదు.

తెలుగు పుట ఒక్కటీ పోలేదు. ఈ మాటను వ్రాయుట మాకు కష్టంగా ఉన్నది, కాని వ్రాయక తప్పదు. తెలుగు పుటలు వ్రాసినది కంప్యూటరు విద్యార్థులము. మాకు కమిట్ తెలుసు, రోజూ చేసేవారము. ఉర్దూ పుటలు వ్రాసినది సాహిత్యం తెలిసిన పెద్దలు. సాధనం తెలిసినవాని శ్రమ నిలిచింది, తెలియనివాని శ్రమ పోయింది. మా మనస్సులలో భేదభావం లేదు. కాని మా స్క్రిప్టు చేసిన పని చూచినవారికి భేదంగానే కనిపిస్తుంది. ఉర్దూ శాఖలో ఒకరు 'మా పుటలు మళ్ళీ కాగితంపైనే వ్రాసుకొంటాము' అన్నారు. రెండు శాఖల పేర్లతో నడిచే కళాశాలలో ఆ మాటకు ఎంత బరువు ఉన్నదో కమిటీ పెద్దలకు మేము చెప్పవలసిన పని లేదు.

స్క్రిప్టును ఆనాడే ఆపివేశాము. మూడు వారాలు మళ్ళీ చేతులతోనే డెబ్బది ఆజ్ఞలు టైపు చేశాము. అది మాకు మేము విధించుకొన్న శిక్ష. ఆ మూడు వారాలలో కొత్త స్క్రిప్టును వ్రాశాము. ఇటువంటి పని చేయదలచిన మిత్రులకు ఉపయోగపడునని దాని నియమాలను ఇక్కడ తెలుపుతున్నాము.

మొదటిది, అన్నింటికంటె ముఖ్యమైనది: మనుష్యులు పని చేసే చోటు వేరు, స్క్రిప్టు పని చేసే చోటు వేరు. ఇప్పుడు స్క్రిప్టుకు పధ్నాలుగు భాండాగారాల సొంత నకళ్ళు వేరొక డైరెక్టరీలో ఉన్నవి. అది అక్కడ నుండే సైట్లను కూర్చి పంపుతుంది. మనుష్యులు కూర్చుని వ్రాసే ఫైళ్ళపై దానికి వ్రాయు అధికారమే లేదు.

రెండవది: ముట్టుకొనుటకు ముందు చూచుట. ప్రతి గదిలో మొదట 'స్టేటస్' అడుగుతుంది. స్క్రిప్టులు చదువుటకై గిట్‌లో పోర్సిలేన్ అను ప్రత్యేక రూపం గలదు. గిట్ సంచికలు మారినా ఆ రూపం మారదని హామీ ఉన్నది. అందులో ఒక్క పంక్తి వచ్చినా ఆ గదిని తాకక, దాని పేరును నివేదికలో వ్రాసి ముందుకు పోతుంది.

మూడవది: రీసెట్ హార్డ్ అను మాట మా స్క్రిప్టులో లేదు. పుల్ చేసేటప్పుడు కూడా, చరిత్ర తిన్నగా ముందుకు సాగగలిగితేనే సాగుమని, లేకుంటే ఆగుమని షరతు పెట్టాము. ఆగుట దోషం కాదు. మనిషిని పిలుచుటయే ఆ ఆగుట యొక్క ప్రయోజనం.

నాలుగవది: ఒక గదిలో జరిగినది మరొక గదికి పాకరాదు. డైరెక్టరీలోకి ప్రవేశించే ఆజ్ఞ విఫలమైతే, తరువాతి ఆజ్ఞలు ఉన్నచోటనే నడుస్తాయి. ఉన్నచోటు మరొకరి గది కావచ్చు. అందుకే ప్రవేశం విఫలమైన వెంటనే వెనుదిరుగుమని వ్రాశాము. ప్రతి గది పనిని కుండలీకరణాలలో ఉంచాము. అప్పుడు షెల్ దానిని ఒక ఉపషెల్‌లో నడుపుతుంది, బయటి షెల్ ఉన్నచోటనే ఉంటుంది.

ఐదవది: పేర్లను కొటేషన్ గుర్తులలో ఉంచుట. పేరులో ఒక ఖాళీ ఉంటే షెల్ దానిని రెండు పేర్లుగా విడగొడుతుంది. తుడిచివేసే ఆజ్ఞ పక్కన ఉన్న పేరు ఖాళీగా వస్తే ఏమగునో ఊహించుకొనవచ్చు. పేరు ఖాళీ అయితే అక్కడే ఆగిపోవునట్లు షెల్‌లోనే ఒక పద్ధతి గలదు. దానిని విడువక వాడుతున్నాము.

ఆరవది: 'చెప్పు, చేయకు' అను స్థితి. ఆ స్థితిలో నడిపితే స్క్రిప్టు తాను చేయబోయే పనులను చదివి వినిపిస్తుంది, ఏదీ చేయదు. జాబితాకు కొత్త గదిని చేర్చిన రోజున ఇలా నడిపి, ఆ గదిలో పని చేసేవారిని పక్కన కూర్చుండబెట్టి చూపించనిదే నిజంగా నడుపరాదని నిశ్చయించాము.

ఏడవది: చివరి నివేదిక. ప్రతి ఆజ్ఞ ముగిసినప్పుడు ఒక అంకెను వెనుకకు ఇస్తుంది. సున్న అయితే సఫలం, మరేదైనా విఫలం. ఏ గదిలో ఏ మెట్టు విఫలమైనదో లెక్కించి, తెల్లవారికి ఒక పుటగా తెలుగులోను ఉర్దూలోను ప్రయోగశాల తలుపు పక్కన అంటిస్తున్నాము. ఉర్దూ పుటలలో కుడి నుండి ఎడమకు అను సూచన లేనివి ఏవో కూడా 'గ్రెప్' వెదకి అందులోనే చెబుతుంది.

ఈ స్క్రిప్టు ఇప్పుడు నూటపది పంక్తులు. పాతది పన్నెండు. పెరిగిన పంక్తులలో దాదాపు అన్నియు ఏ పని చేయకుండుటకు వ్రాసినవే. చేయుటకు పన్నెండు పంక్తులు చాలు. ఎక్కడ చేయకూడదో చెప్పుటకే మిగిలినవన్నీ కావలసివచ్చాయి.

మా అధ్యాపకుల వద్దకు వెళ్ళి జరిగినది ఉన్నది ఉన్నట్లు చెప్పాము. సేవ్ చేయలేదేమో అన్న మాటకు క్షమాపణ కోరాము. వారు కోపించలేదు. "ఆ రెండో మెట్టు ఏమిటో నాకూ చూపించండి. మీరు లేకపోయినా నా పని నా చేత ఉండాలి" అన్నారు. ఒక మధ్యాహ్నం కూర్చుని యాడ్, కమిట్, పుష్ – మూడు మెట్లూ చూపించాము. వారు తమ చేతి పుస్తకంలో ఉర్దూలో వ్రాసుకొన్నారు. ఆ వ్రాతయే ఇప్పుడు లినక్సు మొదటి పాఠాల ఉర్దూ సైటులో ఒక పుట అయింది. అది మేము వ్రాసిన దానికంటె స్పష్టంగా ఉన్నదని తెలుగు శాఖ వారు దానిని తెలుగులోకి అనువదించుకొన్నారు.

పోయిన 22 పుటలలో వారు 14 పుటలను మళ్ళీ వ్రాశారు. మిగిలిన ఎనిమిదింటిని వ్రాయలేదు. మేము అడుగలేదు. ఆ సంవత్సరమే వారు పదవీ విరమణ చేశారు. ఆ ఎనిమిది పుటలు నేటికీ ఉర్దూ సైటులో ఆంగ్లంలోనే ఉన్నవి. రాత్రి నివేదికలో 'అనువాదం కావలసినవి: 8' అను పంక్తి ప్రతి ఉదయం కనిపిస్తుంది. ఆ పంక్తిని తీసివేయుట ఒక నిమిషం పని, తీసివేయలేదు.

కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. ఈ భాండాగారాల రెండవ ప్రతి ప్రయోగశాల బయట మరొక భవనంలో ఉండుట అవసరం. దానికి కావలసినది ఒక పాత కంప్యూటరు, ఒక డిస్కు మాత్రమే. నకలు తీసుకొనే స్క్రిప్టు సిద్ధంగా ఉన్నది. దానిని 'చెప్పు, చేయకు' స్థితిలో పెద్దల ఎదుటనే నడిపి చూపగలము.

విద్యార్థి మిత్రులకు మా మనవి: ఆ ఎనిమిది పుటలు మీ కొరకు ఎదురుచూస్తున్నవి. ఉర్దూ తెలిసినవారు ఎవరైనా సాయంత్రం నాలుగు గంటల తరువాత ప్రయోగశాలకు రావచ్చు. మూలన ఉన్న యంత్రం ఖాళీగానే ఉన్నది. మొదటి రోజు మీకు మేము నేర్పేది సేవ్ కాదు, కమిట్.